మీకు తెలుసా? నల్లజాతి మహిళల గుండెకు బీపీ ఒక్కటే శత్రువు కాదు

అమెరికాలో 20 ఏళ్లు దాటిన నల్లజాతి మహిళల్లో సగం మందికి పైగా ఏదో ఒక గుండె, రక్తనాళాల సమస్య ఉంది. అందులో ఎక్కువ వాటా అధిక రక్తపోటుదే.

అక్కడ 30 వేల మందికి పైగా ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించిన ‘రిగార్డ్స్’ అధ్యయనం 2015లో ఒక లెక్క చెప్పింది. వేపుళ్లు, బేకన్, సాసేజ్‌లు, చక్కెర కలిపిన చల్లటి టీ ఎక్కువగా ఉండే అమెరికా దక్షిణాది తిండి బాగా తినేవారికి, తక్కువ తినేవారికన్నా గుండెజబ్బు ముప్పు 56 శాతం ఎక్కువ.

అలాగని నల్లజాతి మహిళల వంటింటిని తప్పుపట్టడం అన్యాయం. కొలార్డ్ ఆకుకూర, అలసందలు, బెండకాయ, చిలగడదుంప తరతరాలుగా వాళ్లు వండుకునేవే. బెండ, అలసంద ఆఫ్రికా నుంచే వెళ్లాయి. ఆకుకూరతో చిక్కు లేదు. ఉప్పూ కొవ్వూ వచ్చేది దానితోపాటు ఉడికే పొగబెట్టిన పందిమాంసం ముక్కతో. దాని బదులు వెల్లుల్లి, ఎండుమిరప, కాస్త వెనిగర్ వేసినా కూర కమ్మగానే ఉంటుంది.

కానీ తాజా కూరలు దొరకాలి కదా! 1930లలో నల్లవారి పేటలకు మ్యాపుల్లో ఎర్రరంగు పూసి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమన్నారు. అలా పెట్టుబడులు రాని పేటల్లో చాలాచోట్ల నేటికీ చిప్స్, సోడా అమ్మే కొట్టు వీధి చివరే ఉంటుంది, సూపర్‌మార్కెట్‌కు మాత్రం బస్సెక్కాలి. రెండు ఉద్యోగాలు చేసి రాత్రికి ఇల్లు చేరే తల్లికి ‘మంచి తిండి తినమ్మా’ అని చెప్పి ఊరుకోవడం వైద్యం కాదు.

తిండితో పాటు వివక్షనూ లెక్కలోకి తీసుకోవాలి. 1995లో బోస్టన్ యూనివర్సిటీలో మొదలైన అధ్యయనంలో సుమారు 59 వేల మంది నల్లజాతి మహిళలు చేరారు. ఏం తింటున్నారన్న ప్రశ్నతో పాటు, ఉద్యోగంలో, ఇల్లు వెతుక్కునేటప్పుడు ఎదురైన జాతి వివక్ష గురించీ వాళ్లను అడిగారు.