పరాధీనము కాని వార్ధక్యము

పెండ్లిపందిట పీటపై కూర్చుండుడని పురోహితుడు పిలిచినపుడు, కన్యాదాత కుర్చీ కొరకు చుట్టును చూచుట నేడు పట్టణములలోనేగాక పల్లెలలోను సామాన్యమైపోయినది. ఆయనకు ఏబదియైదేండ్లుండును. భూవసతి గలదు, ఆహారలోపము లేదు, చెప్పుకొనదగిన వ్యాధియు లేదు. కాని మోకాలు వంగదు. వంగినను నడుము లేవనీయదు. ఆ యీడున ఆయన తండ్రి బంతిభోజనమునకు బాసిపట్టు వేసికొని కూర్చుండి, విస్తరి మడచి, ఎవ్వరి చేయూతయు లేక లేచియుండెను.

ఇది నవ్వుకొని విడువదగిన విషయము కాదు. బ్రెజిలు దేశపు వైద్యుడు క్లాడియో గిల్ అరౌజోయు, ఆయన సహచరులును 2012లో ప్రకటించిన పరిశోధనయందు, 51 మొదలు 80 ఏండ్ల వయస్సుగల 2,002 మందిని నేలపై కూర్చుండి లేవుమనిరి. కూర్చుండుటకు 5, లేచుటకు 5 మార్కులు. చేయిగాని మోకాలుగాని ఆనించిన ప్రతిసారి ఒక మార్కు తీసివేసిరి. పిమ్మట ఆరేండ్లకు పైగా వారి క్షేమసమాచారములు కనుగొనుచుండగా, 3 మార్కులకు మించనివారియందు మరణభయము, 8 మార్కులు మొదలుకొని వచ్చినవారికంటె 5, 6 రెట్లు అధికముగ కనబడెను. లేవలేకపోవుటయే మృత్యుకారణమని దీని యర్థము కాదు. కండబలము, కీళ్ల సౌలభ్యము, దేహపు తూకము సన్నగిల్లినవని అది ముందుగ తెలుపు సూచన మాత్రమే. ఇక నడుమునొప్పి మాట యందుమా, ప్రపంచమున 2020లో సుమారు 61.9 కోట్ల మంది దానితో బాధపడిరని లెక్క.

ఈ బాధ యెట్లు కలుగునో తెలిసికొనుటకు ఏతము నెరిగిన రైతునకు కష్టము లేదు. ఏతపు మ్రాను చివర బాన వ్రేలాడును. ఆనికకు దగ్గరగ పట్టుకొని దానిని పైకెత్తవలెనన్న, బాన బరువునకు ఎన్నోరెట్లు బలము చూపవలెను. మన దేహమున వెన్నెముకయే ఆ యానిక. చేతిలోని బరువు దానికి మూరెడు ముందుండును. ఆ బరువును నిలుపవలసిన నడుముకండలు దాని వెనుక రెండంగుళముల దూరముననే యున్నవి. జర్మనీలోని ఉల్మ్ నగర పరిశోధకులు ఒక వ్యక్తి వెన్నుపూసల నడుమనున్న బిళ్లయందు సన్నని సాధనము నమర్చి ఒత్తిడిని కొలిచి, 1999లో ప్రకటించిరి. ఊరక నిలుచున్నపుడు 0.5 మెగాపాస్కలు. 20 కిలోల బరువును వీపు గూనుగ వంచి ఎత్తినపుడు 2.3, మోకాళ్లు వంచి ఎత్తినపుడు 1.7, అదే బరువును దేహమునకు హత్తుకొని నిలిచినపుడు 1.1, చేతులు చాచి 60 సెంటీమీటర్ల దూరమున పట్టినపుడు 1.8. ఒక్కని దేహమున కొలిచిన యీ యంకెలే సర్వము కావు. అయినను బరువు మారలేదనియు, పట్టిన తీరు మాత్రమే మారినదనియు పాఠకులు గమనింతురుగాక.

ఇంతవరకు చదివి, 'ఇక మోకాళ్లు వంచియే ఎత్తుదము' అని నిశ్చయించుకొని పత్రిక మడచిపెట్టుదురేని, ఈ వ్యాసము వ్యర్థము. నడుమునొప్పి నివారణమునుగూర్చి 30,850 మందిపై జరిగిన 21 పరీక్షలను 2016లో ఒక్కచోట కూర్చి పరిశీలించిరి. కేవలబోధవలన ప్రయోజన మేమియు కనబడలేదు. వ్యాయామముతో కూడిన బోధవలన నొప్పి వచ్చు నవకాశము నూటికి 45 పాళ్లు తగ్గినది. ఈత పుస్తకము చదివి ఏటిలో దిగినవాని గతియే ఉపదేశము మాత్రము వినినవానికిని పట్టును.

అభ్యాసమునకు గురువు తోడైనచో ఫలమధికము. టాస్మేనియా ద్వీపమున 1869లో జన్మించిన ఎఫ్. ఎం. అలెగ్జాండర్ రంగస్థలముపై కావ్యపఠనము వృత్తిగా గలవాడు. గొంతు మాటిమాటికి పోవుచుండగా అద్దముల ముందు నిలిచి తన్నుతాను పరిశీలించుకొని, నోరు తెరచునపుడెల్ల తలను వెనుకకు విరుచుచున్నట్లు కనుగొనెను. ఆ దోషము మాన్పుకొనుట నుండి, నిలుచుట, కూర్చుండుట, వంగుట నేర్పు నొక పద్ధతి పుట్టినది. ఇంగ్లండున 579 మంది నడుమునొప్పి రోగులపై చేసి 2008లో ప్రకటించిన పరీక్షయందు, ఏడాది గడచునప్పటికి సామాన్యచికిత్స పొందినవారు నాలుగు వారములలో 21 దినములు నొప్పి ననుభవించుచుండగా, ఈ పద్ధతిలో 24 పాఠములు నేర్చినవారికి 3 దినములే మిగిలినవి.

కావున చేయదగిన దేమన, దినమునకు ఒక పూట నేలపై భుజింపవలెను. చేయానికను క్రమముగ తగ్గించుకొనుచు లేవ నభ్యసింపవలెను. బాల్యమున తాలింఖానాలో తీసిన బస్కీలను, కుర్చీ యంచు వరకు దిగి లేచుటతో మరల నారంభింపవచ్చును. తలకు, వీపునకు, పిరుదులకు తగులునట్లు ఒక కర్రను వెన్నుపై నిలువుగ పట్టుకొని, అది తొలగకుండ ముందునకు వంగినచో, వీపును గాక తుంటికీలును మడచుట యెట్లో దేహమే నేర్చుకొనును. కీళ్లవాపు గలవారును, కాలికి తిమ్మిరి దిగువారును వైద్యు నడిగి మొదలిడవలెను. పాఠశాలలయందును వ్యాయామపుగంట పందెములతో ముగియక, ప్రతి బాలునకు, ప్రతి బాలికకు ఈ విద్య నేర్పవలెను.

భూస్వాములకు మరియొక మాట. కృష్ణా, గోదావరి మండలములలో ధాన్యము 75 కిలోల బస్తా లెక్కన కొలుచుట వాడుక. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించినచో దానిని తగ్గింపవలెనని అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లోనే సిఫారసు చేసినది. దినమంతయు అంతకు మించిన బస్తాలు వీపున మోయు ముఠాకూలీని ఏ యభ్యాసమును పూర్తిగ కాపాడజాలదు. పొద్దస్తమానము వంగి నాట్లువేయు స్త్రీకి మెళకువ కంటె ముందు విరామము కావలెను. మన నడుమున కొక న్యాయము, వారి నడుమునకు వేరొక న్యాయము నుండరాదు. బస్తాను చిన్నదిగ కుట్టించుట యజమాని చేతిలోని పని.

ఇందులకు చట్టముల కొరకు గాని సభల కొరకు గాని వేచియుండ నక్కరలేదు. బస్తా మన కళ్లములోనే యున్నది. పీట మన యింటిలోనే యున్నది. ఈ రాత్రి భోజనమునకే దానిని వాల్చవచ్చును.