నల్లమల నీడలో ఒక గుడి

ఆళ్లగడ్డ దాటి తూర్పుకు తిరిగితే ఆకాశం అంచున నల్లని గీత గీసినట్టు నల్లమల కనిపిస్తుంది. మా కొత్తపల్లెవాళ్లకు పొద్దు పొడిచేది ఆ గీత మీదనే. ఆ కొండల్లోనే అహోబిలం వున్నది. అక్కడి నరసింహస్వామిని చెంచులు తమ అల్లుడని చెప్పుకుంటారు. ఆ కొండల పాదాల వెంబడే, నంద్యాల నుంచి ముత్యాలపాడు దాకా, చాలా పల్లెల్లో యింకొక రకం గుడి కూడా వున్నది. సున్నం కొట్టిన గోడలు, పైన సిలువ, బయట వేలాడే గంట. మావాళ్లు దాన్ని గుడి అనే అంటారు, చర్చి అనరు. తెలుగు మేష్టరు ఉద్యోగం చేసేవాణ్ని గనుక నాకు యీ మాట మీద ఒక విధమైన మమకారం.

మొన్న క్లాసులో ఒక కుర్రవాడు లేచి అడిగాడు: “సార్, వూళ్లో అందరూ సి.యస్.ఐ. గుడి అంటారు. మా అవ్వ మాత్రం యస్.పి.జి. గుడి అంటుంది. ఏది నిజం?”

“రెండూ నిజమే” అన్నాను. అంతలో గంట కొట్టారు. మిగిలిన జవాబు యిక్కడ వ్రాస్తున్నాను.

యస్.పి.జి. అనేది 1701లో లండనులో పుట్టిన ఆంగ్లికన్ల సువార్త సంఘం. మన కడపలో దానికంటే ముందే, 1822 నుంచీ, లండన్ మిషన్ అనే వేరొక సంఘం పని చేస్తూ వచ్చింది. 1840లలో యస్.పి.జి. కూడా కడపలో కాలు పెట్టింది. 1850ల నడుమ జాన్ క్లే అనే దొర కొండ పాదాన వున్న ముత్యాలపాడు చేరి, దాదాపు మూడు దశాబ్దాలు అక్కడనే వుండిపోయాడు. కొండకు ఆవలివైపు కలసపాడు మరొక కేంద్రమయింది. నంద్యాల ఆ తరువాత పెద్దదయింది. అక్కడ 1880లలో పల్లె బడులకు పంతుళ్లను తయారు చేసే శిక్షణ పాఠశాల వెలిసింది.

దొరలు వచ్చారు, మతం యిచ్చారు అని ఒక్క ముక్కలో తేల్చేవారున్నారు. నాకు ఆ మాట నచ్చదు. చాలాచోట్ల దొరను వెతుక్కుంటూ వెళ్లినవారు మాలపల్లెల పెద్దలే. వూరి బావిలో చేద వేయనివ్వని రోజులవి. మావాళ్లకు మోక్షం యిస్తారా అని అడిగేముందు, మా పిల్లలకు అక్షరాలు చెబుతారా అని అడిగారంటే తప్పు పట్టవలసిందేమున్నది? కొండకు తూర్పున, ఒంగోలు ప్రాంతంలో, బాప్టిస్టుల కథా అటువంటిదే. అక్కడ ముందు నడిచినవాడు మాదిగవాడైన యెర్రగుంట్ల పేరయ్య. అతడు బాప్తిస్మం పొందినది 1866లో. ఇటు ఎక్కువగా మాలలు, అటు ఎక్కువగా మాదిగలు. కులం గుడి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు వదలి వచ్చే వస్తువు కాదని యిరువైపులా తెలిసివచ్చింది.

1876లో ధాత కరువు వచ్చింది. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కకూ 1881 లెక్కకూ మధ్య దాదాపు నాలుగోవంతు తరిగిపోయింది. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ త్రవ్వి అప్పటికి కొద్ది యేళ్లే అయింది. ఒంగోలులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి యిప్పించాడు. కరువు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. గంజి కోసం వచ్చారని ఎద్దేవా చేసేవారికి ఒక మాట: క్లౌ దొర కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు.

మా జేజినాయన యీ కొండవార పల్లెల్లో ఉపదేశి. పగలు బడి, దీపాలు పెట్టినాక గుడి, రెండింటికీ ఆయనే. వానాకాలంలో గుడి కప్పు కారితే ఆయనే పైకెక్కేవాడట. అవ్వ పొయ్యి మీదికి యెసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. బియ్యం లేనినాడు కొర్రలు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆయనకు రాగతాళాలతో సహా నోటికి వచ్చేవి. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించిన పాటలంటే మాత్రం ముఖం ముడుచుకునేవాడట. నాకూ ఆ జబ్బు అంటుకున్నది.

ఆయన గౌరవించిన వ్యక్తి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన ఆ తిరునెల్వేలి తమిళుడే ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్పు. తరువాత మా ప్రాంతమూ ఆయన పాలన కిందికి వచ్చింది. దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలని ఆయన జీవితమంతా పాటుపడి, చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశాడు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సమైక్యం జరిగింది. ఆంగ్లికన్లు, మెదకులో అంత పెద్ద దేవాలయం కట్టిన వెస్లియన్ మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ వారు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో వేలమంది మాత్రం కాదు పొమ్మన్నారు. బిషప్పు చేయి తలమీద పెట్టి అభిషేకించని బోధకుడి చేతి సంస్కారం చెల్లదని వారి నమ్మిక. లండనులోని యస్.పి.జి. కూడా సమైక్య సంఘానికి తన మామూలు గ్రాంటు ఆపింది. నమ్మికా, జీతమూ ఒకే గాడికి కట్టి వుంటే ఏది ఎటు లాగిందో చెప్పడం కష్టం. 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిస్ అయింది.

మా జేజినాయన యిటు వుండిపోయాడు. ఆయన చెల్లెలు, మా చిన్నవ్వ, జమ్మలమడుగులో లండన్ మిషన్ యింటి కోడలు. ఆమె అటు వెళ్లింది. చిన్నవ్వ కొడుకు పెళ్లికి ఆయన వెళ్లాడు. మరునాడు ఆదివారం. సంస్కారం సమయానికి అందరూ లేచి ముందుకు వెళ్లారు. ఆయన చివరి వరుసలో కూర్చునే వున్నాడు. తిరిగి వస్తూ చిన్నవ్వ ఆయన ముందు ఒక్క క్షణం ఆగిందట.

“అన్నా, నేను తిన్నది రొట్టె కాదా?” అన్నది.

ఆయన జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనానికి నిలవకుండా బస్సెక్కాడు. ఆ తరువాత ఉత్తరాలు వచ్చాయి, పోయాయి; ఆదివారాలు మాత్రం యెవరివి వారివే.

1975లో నంద్యాల కూడా సమైక్య సంఘంలో చేరింది. ఆ యేడు క్రిస్మసుకు ఆయన మా నాన్నను వెంటబెట్టుకుని జమ్మలమడుగు వెళ్లాడు. చిన్నవ్వకు అప్పటికి చూపు మందగించింది. సంస్కారానికి లేచేటప్పుడు ఆమె చేయి పట్టుకుని నడిపించినవాడు ఆయనే. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఆమె వడ్డిస్తూ, “ఈ పొద్దయినా తిని పోతావా, బస్సుందా?” అన్నదట.

“బస్సు రేపు” అన్నాడు జేజినాయన.