ఇరవై పిన్నుల వాకిలి

పిల్లలూ, ఇప్పటి ల్యాప్‌టాపును బోర్లిస్తే గాలి పోయే సందులు, నాలుగు స్క్రూలు తప్ప ఏమీ కనబడవు. 1981 డిసెంబరులో ఇంగ్లండులో ఎకార్న్ కంపెనీ తెచ్చిన బీబీసీ మైక్రోను బోర్లించి చూడండి. ముందంచు కింద వరసగా సాకెట్లుంటాయి. ఫ్లాపీకొకటి, ప్రింటరుకొకటి, ఆ పక్కనే ఇరవై పిన్నులతో యూజర్ పోర్టు. మీకు తోచింది తగిలించుకోండని తయారు చేసినవాళ్ళే వదిలిపెట్టిన జాగా అది.

ఈ మిషను మనకు పరాయిదేం కాదు. 1984లో మన దేశంలో బళ్ళలో కంప్యూటరు నేర్పడానికి మొదలైన క్లాస్ పథకం కింద, తొలి విడతలో రెండువందల యాభై దాకా బళ్ళకు వెళ్ళినవి ఇవే. అలాంటిది ఏ బడి బీరువాలోనో, పాత సామాన్ల అంగట్లోనో మీ చేతికి దొరికితే పారేయొద్దు నాయనా. వెంటనే కరెంటూ పెట్టొద్దు. పవర్ సప్లైలో ఉండే పాత ఫిల్టరు కెపాసిటర్లు బీటలిచ్చి పొగ కక్కుతాయి. తెలిసినవాళ్ళ చేత ముందు వాటిని మార్పించండి.

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళు కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే కార్యక్రమం పెట్టినప్పుడు మన ఊళ్ళో అందరి నోటా ఇంటర్నెట్టు మాటే. కంప్యూటరు చేత దీపం వెలిగించుకోవచ్చని, మోటారు తిప్పించుకోవచ్చని కూడా పిల్లలకు తెలియాలని నా తపన. చేత్తో చేసి నేర్చుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు, పక్కన గుడుపల్లె దగ్గర అగస్త్య ఫౌండేషన్ ఆవరణలో పిల్లలు చేస్తున్నది అదే కదా.

సరే, ఆ యూజర్ పోర్టుకు తగిలించే దీపాల బోర్డు సంగతికొద్దాం. దానికి కింద రాగి పట్టీలుండే బెజ్జాల బోర్డు కావాలి. కుప్పంలో రైలెక్కి బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోతే దొరుకుతుంది. బెజ్జానికీ బెజ్జానికీ 2.54 మిల్లీమీటర్ల ఎడం. యూజర్ పోర్టు పిన్నుల ఎడమూ అంతే కాబట్టి, ఇరవై పిన్నుల ఎఫ్ఆర్‌సీ కనెక్టరు బోర్డులో చక్కగా దిగుతుంది. చిక్కంతా కింది రాగి పట్టీలతోనే.

పోర్టులో బేసి వరస చూడండి: 1, 3 పిన్నులు ఐదు వోల్టులు, 5 నుంచి 19 దాకా అన్నీ గ్రౌండు. సరి వరసలో 2, 4 కంట్రోలు తీగలు, 6 నుంచి 20 దాకా ఎనిమిది డేటా లైన్లు. కనెక్టరును పట్టీల వెంబడి పెడితే బేసి పిన్నులన్నీ ఒకే రాగి మీద పడి ఐదు వోల్టులు నేరుగా గ్రౌండుకు కలుస్తాయి. పట్టీలకు అడ్డంగా పెడితే ఎదురెదురు పిన్నులు కలుస్తాయి, ప్రతి డేటా లైనూ గ్రౌండుతో షార్టే. అడ్డంగానే పెట్టి, జంట పిన్నుల మధ్య రాగిని తెంపాలి. డ్రిల్ బిట్టును బెజ్జంలో పెట్టి తిప్పే మామూలు పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఆ రెండు పిన్నుల నడుమ ఖాళీ బెజ్జమే లేదు. పదునైన బ్లేడుతో దగ్గర దగ్గరగా రెండు గాట్లు పెట్టి, మధ్య రాగి పోగును లేపేయాలి. భూతద్దం పెట్టి చూడండి, వెంట్రుకంత పోగు మిగిలినా తంటానే. నా మాట వింటే పట్టీల బోర్డు మానేసి, బెజ్జానికో చుక్క రాగి ఉండే డాట్ బోర్డు తీసుకోండి. తీగలు ఎక్కువ కలపాలి గానీ మనసు నెమ్మదిగా ఉంటుంది.

ఆ ఎనిమిది లైన్లు 6522 అనే చిప్పు నుంచి వస్తాయి. ఒక్కో లైను ఇవ్వగలిగింది మిల్లీ ఆంపియరు దరిదాపుల్లోనే, ఎల్ఈడీకి పదైనా కావాలి. అందుకని మధ్యలో యూఎల్‌ఎన్ 2803 అనే చిప్పు పెట్టాలి. బోరు మోటారు స్టార్టరులో వేలితో నొక్కే బటను మోటారు కరెంటును మోయదు, మోసే కాంటాక్టరుకు సైగ చేస్తుందంతే. 2803 కూడా అలాంటి కాంటాక్టర్లు ఎనిమిదింటిని ఒక్కచోట పెట్టినట్టు. ఐదు వోల్టుల నుంచి 220 ఓముల రెసిస్టరు, ఎల్ఈడీ మీదుగా దాని అవుట్‌పుట్‌కు తీగ లాగండి. చిప్పు గ్రౌండును పోర్టు గ్రౌండుకు కలపండి. బోర్డు మీద ఐదు వోల్టులకూ గ్రౌండుకూ నడుమ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి పెట్టండి.

అన్ని మిషన్లూ ఇంత అనుకూలంగా ఉండవు. 1982 నాటి స్పెక్ట్రమ్ కంప్యూటరుకు ఇలాంటి సాకెట్టే లేదు, లోపలి బోర్డు అంచే వెనకనుంచి కనబడుతుంది. ఎడం 2.54నే గానీ, అక్కడికొచ్చేవి ప్రాసెసరు సొంత తీగలు. అదే ఏడాది కమోడోర్ 64 యూజర్ పోర్టులో ఎడం 3.96, మన బోర్డు మీద మొదటి పిన్ను దిగితే రెండోది దిగదు. పైగా దాని 10, 11 పిన్నుల్లో తొమ్మిది వోల్టుల ఏసీ ఉంటుంది, అది డేటా లైనుకు తగిలితే చిప్పు పోయినట్టే.

మన బోర్డును మాత్రం మిషను ఆపి ఉన్నప్పుడే తగిలించండి. అంతకుముందు మల్టీమీటరును బజర్ మీద పెట్టి 1, 5 పిన్నుల మధ్యా, ఎదురెదురుగా ఉన్న ప్రతి జంట పిన్నుల మధ్యా చూడండి, కూసిందా, మళ్ళీ బ్లేడు పట్టాల్సిందే. కూయకపోతే తగిలించి, మిషను ఆన్ చేసి ?65122=255 అని కొట్టండి. ఎనిమిది లైన్లూ బయటికి పంపడానికే అని దానర్థం. తర్వాత ?65120=1 అంటే మొదటి దీపం. 2 అంటే రెండోది, 4 అంటే మూడోది, 3 అంటే మొదటి రెండూ. మూడో దీపమూ మొదటిదీ కలిసి వెలగాలంటే ఏ అంకె కొట్టాలో మీరే చెప్పండి.