పైసా అడగని పాటగాళ్లకు స్క్రీన్ టెస్టు!

మా నాన్నగారి దగ్గర రెండు ట్రంకుపెట్టెల నిండా కేసెట్లుండేవి. ప్రతి అట్టమీదా ఆయన దస్తూరీ! సినిమా పేరు, పాడినవారు, స్వరపరిచినవారు... అన్నిటికన్నా ముఖ్యంగా పాట రాసినవారు. "గొంతు ఎవరిదో చెవే చెబుతుంది, కలం ఎవరిదో రాసి పెట్టుకోవాలి" అనేవారు. రిబ్బన్లు అరిగిపోతున్నాయని ఆ పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. అట్టలమీది రాతంతా తెలుగులోనే టైపు చేశాను. ఏడాది పట్టింది.

అసలు కథ ఆ తర్వాత జరిగింది! ఉచితంగా దొరుకుతోంది కదా అని ఓ ప్లేయరును (పేరెందుకు లెండి) ఇంట్లోకి రానిచ్చాను. పాటల వివరాలు తనే సరిదిద్దుతానంది. సరేనని బటను నొక్కి కాఫీ తాగి వచ్చేసరికి ‘మాయాబజార్’ పాటల్లో సగం తమిళ పేర్లు పెట్టుకుని కూర్చున్నాయి! 1957లో ఆ చిత్రం రెండు భాషల్లోనూ వచ్చింది మరి. నాన్నగారు రాసుకున్న కవుల పేర్లు సరేసరి, గల్లంతు! వేరే డిస్కులో నకలు ఉండబట్టి బతికిపోయాను.

అందుకే ఈసారి నిర్మాతలు కొత్త ముఖాలకు పెట్టినట్టు స్క్రీన్ టెస్టు పెట్టాను. నకలు తీసిన ఓ యాభై పాటలిచ్చి చూశాను. తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా? ఒక సినిమా పాటలన్నీ ఒక్కచోటే ఉంటున్నాయా? నేను చెప్పకుండా నా రాతలమీద చెయ్యేస్తోందా? అంతే, ఇంకేం అడగలేదు.

ముందుగా మాజీ అగ్రనటుడు విన్‌యాంప్! 1997లో రంగప్రవేశం చేసి ఒక తరాన్ని ఊపేసింది. మీ నాన్నల్ని అడగండి, నిట్టూరుస్తూ చెబుతారు. 1999లో ఏఓఎల్ కొనేసింది, 2014లో మళ్లీ చేతులు మారింది. 2024 సెప్టెంబరులో తన ప్రోగ్రామ్ కోడంతా జనంలో పెట్టి, నెల తిరక్కుండానే వెనక్కి లాక్కుంది. ఆ ముఖమంటేనే మోజున్నవారికి ఆడేషస్ ఉంది. విన్‌యాంప్ పాత వేషాలు అచ్చంగా తొడుక్కుంటుంది. ఆ వేషంలో పాట పేరు పరుగెత్తే గడిలో ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. సెట్టింగుల్లో బిట్‌మ్యాప్ అక్షరాలు మాన్పిస్తే తెలుగు ప్రత్యక్షం!

వీఎల్‌సీ మీకు తెలిసిందే... నారింజరంగు ట్రాఫిక్ కోను బొమ్మ! 1996లో పారిస్ దగ్గర విద్యార్థులు మొదలెట్టిన పని అది. ఏ ఫైలిచ్చినా కాదనదు. ఏ వేషానికైనా సిద్ధపడే క్యారెక్టర్ నటుడన్నమాట. కానీ వేల పాటల్ని సర్దిపెట్టే ఓపిక దానికి లేదు. పైగా మూడో వెర్షనుదాకా పాటకీ పాటకీ మధ్య చిన్న ఖాళీ వదులుతుంది. నాటక పద్యం రెండు ముక్కలుగా రికార్డయి ఉంటే రాగం మధ్యలో తెగుతుంది. మా ఇంట్లో అది నేరం!

ఏఐఎంపీ రష్యావారి సృష్టి, 2006 నాటిది. ముస్తాబు బాగుంది, బరువు తక్కువ. ఫరవాలేదు.

ఇక పోటీ అంతా మ్యూజిక్‌బీకీ ఫూబార్2000కీ మధ్యే. ఇక్కడో చిక్కు చెప్పాలి. ‘శంకరాభరణం’ (1980) పాటలు ఎక్కించామనుకోండి. బాలు, జానకి, వాణీ జయరాం... ఇంతమంది గొంతులు చూసి కొన్ని ప్లేయర్లు ఒక్క సినిమాను నాలుగు ఆల్బములుగా చీల్చేస్తాయి. ఒక ఆల్బమంటే ఒకే గాయకుడనే లెక్క వాటిది. మన సినిమాల సంగతి వాటికేం తెలుసు? ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే గడి వేరే ఉంటుంది. అన్ని పాటలకూ అందులో కె.వి.మహదేవన్ పేరు పెట్టండి, కుటుంబం కలిసిపోతుంది! ఈ రెండు ప్లేయర్లూ ఆ గడిని గౌరవిస్తాయి.

తెలుగు బదులు ప్రశ్న గుర్తులు వస్తే వెంటనే ప్లేయరును తిట్టకండి. ఎంపీత్రీలో వివరాలు దాచే మొదటి పద్ధతి 1996 నాటిది. పాట పేరుకు 30 అక్షరాలే చోటు, తెలుగుకు తావే లేదు. తర్వాత వచ్చిన ఐడీత్రీ రెండో పద్ధతిలో రాసుకుంటే ఆ బాధ లేదు.

మ్యూజిక్‌బీ అందగత్తె, సందేహం లేదు. ఇంటర్నెట్టులోంచి బొమ్మలూ సాహిత్యమూ తెస్తానని ఉబలాటపడుతుంది. సెట్టింగుల్లో కళ్లెం వేయొచ్చు. కొత్తగా మొదలెట్టేవారికి నేను దాన్నే చెబుతాను.

ఫూబార్‌కు మేకప్ లేదు, తెల్లకాగితంలా ఉంటుంది. విన్‌యాంప్ సంస్థకు పనిచేసి బయటికొచ్చిన పీటర్ పావ్లోవ్‌స్కీ 2002లో విడుదల చేశాడు. మొదటిరోజు విసుగొచ్చింది. రెండోరోజు దాని గుణం తెలిసింది. ఘంటసాల మాస్టారి పాత రికార్డు సన్నగా వినిపించి, ఆ వెంటనే కొత్తపాట ఢమాలున మోగితే మా అమ్మ ఉలిక్కిపడుతుంది కదా... రీప్లేగెయిన్ అనే ఏర్పాటుంది దానికి. పాటలోని శబ్దాన్ని ముట్టుకోకుండా ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ఫైలులోనే ఓ చీటీ రాసిపెడుతుంది. అదీ మనం అడిగితేనే!

అన్నట్టు, వీఎల్‌సీ, ఆడేషస్‌ల కోడు ఎవరైనా చూడొచ్చు. మిగతా మూడూ డబ్బడగవు గానీ కోడు చూపించవు. ఏది తెచ్చుకున్నా తయారుచేసినవారి సైటునుంచే తెచ్చుకోండి. అడ్డదారి సైట్లలో పెళ్లికూతురితోపాటు పిలవని చుట్టాలూ దిగుతారు.

చివరికి మా ఇంట ఫూబారే స్థిరపడింది. మనకిష్టమైన పేరుతో గడి పెట్టుకోనిస్తుంది. నేను ‘కలం’ అని పెట్టాను. ఆత్రేయ అని కొడితే చాలు, ఆయన పాటలన్నీ వరసకట్టి వస్తున్నాయి. పదకొండు పాటలకు మాత్రం ఆ గడిలో ప్రశ్న గుర్తుంది. అక్షరాల గొడవేం కాదు. నాన్నగారి అట్టమీదే అలా ఉంది.