బుల్లి ఆవిరి ఇంజనుకు నాడి పట్టడం

మోడల్ రైలింజను మొరాయిస్తే చాలామంది స్పానరు పట్టుకుని బోల్టులన్నీ విప్పేస్తారు. నాడి చూడకుండా కత్తి పట్టే వైద్యం లాంటిది అది. ముందు చెవి ఒగ్గి వినాలి.

3½ అంగుళాల గేజి ఇంజను అసలు దానిలో సుమారు 16వ వంతు. రెండు సిలిండర్లుంటే, చక్రం ఒక్కసారి తిరిగేలోగా పొగగొట్టం నాలుగుసార్లు ‘ఛుక్‌’మనాలి, అదీ సమమైన ఎడంతో. ఆ లయ కుంటుతోందా? వాల్వు టైమింగు మీద అనుమానపడండి. ఎక్సెంట్రిక్ స్క్రూ వదులైనా, వాల్వు రాడ్డు నట్టు జరిగినా అంతే.

బండి నిలిచివుండగా, రెగ్యులేటరు తెరిస్తే గొట్టంలోంచి ఆవిరి ఆగకుండా ‘సుయ్‌’మంటోందా? స్లైడ్ వాల్వు సరిగా ఆనడం లేదు, లేదా పిస్టన్ పక్కనుంచి ఆవిరి జారిపోతోంది.

చల్లారిన బండిని చేత్తో నెట్టండి. ప్రతి చుట్టులో ఒకేచోట పట్టేస్తే, కప్లింగ్ రాడ్లు తీసి మళ్ళీ తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగిందంటే దోషం రాడ్ల పొడవులోనో, క్రాంకుల మధ్య ఉండవలసిన 90 డిగ్రీల కోణంలోనో ఉన్నట్టే.

నిప్పు మందగించి ప్రెజరు పెరగకపోతే బాయిలరును తిట్టకండి. స్మోక్‌బాక్సు తలుపు సందుల్లోంచి గాలి దూరితే నిప్పుకు ఊపిరి అందదు.

చివరిగా ఒక మాట. ప్రెజరు సున్నాకు దిగి, బండి చల్లారేదాకా ఏ నట్టునూ ముట్టవద్దు. సేఫ్టీ వాల్వు త్వరగా ఊదేస్తోందని స్ప్రింగు బిగించవద్దు. గేజి గ్లాసులో నీరు కనబడకపోతే వెంటనే నిప్పు తీసెయ్యాలి. ఆ వేడి మీద చన్నీళ్ళు ఎక్కించకూడదు. బొమ్మే కదా అనుకునేది మనం. ఆవిరికి ఆ సంగతి తెలియదు!