ఇటలీలో సీజన్ పని: వీసా అసలుదే అయినా నౌకరీ ఉండకపోవచ్చు

‘ఇటలీలో ద్రాక్ష కోత, హోటల్ పని. చదువు అక్కర్లేదు, ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. సగం డబ్బు ముందు, సగం వీసా వచ్చాక.’ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రకటనలు చాలావరకు ఈ తీరుగానే ఉంటాయి. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, కడప లాంటి చోట్ల ఇంటికొకరు గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లే. దుబాయ్, సౌదీ ఎండలు చూసినవాళ్లకు యూరప్ అనగానే ఆశ పుట్టడం సహజం.

ఇటలీలో సీజన్ పని ఉందన్నది అబద్ధం కాదు. అక్కడికి చట్టబద్ధంగా పోయే దారి కూడా ఉంది. కానీ ఆ దారి తలుపు తెరిచేది ఏజెంటు కాదు, ఇటలీలోని యజమాని. ఈ తేడా తెలియకనే చాలామంది అప్పుల్లో పడుతున్నారు.

పని ఎక్కడ, ఎప్పుడు?

ఇటలీ చట్టం సీజన్ పని వీసాను రెండు రంగాలకే ఇస్తుంది. ఒకటి వ్యవసాయం, రెండోది టూరిజం-హోటళ్లు. దక్షిణాన పూలియా ప్రాంతంలోని ఫోజా చుట్టుపక్కల జూలై నుంచి సెప్టెంబర్ దాకా టమాటా కోత. ఆగస్టు చివర నుంచి ద్రాక్ష, ఉత్తరాన ఆపిల్. అక్టోబర్ తర్వాత ఆలివ్ కాయలు. రోమ్‌కు దక్షిణంగా ఉండే లాతీనా జిల్లా కూరగాయల తోటల్లో ఏళ్లుగా వేలమంది పంజాబీలు పనిచేస్తున్నారు. సముద్రతీర పట్టణాల్లో జూన్ నుంచి సెప్టెంబర్ వరకు హోటళ్లకు గిన్నెలు కడిగేవాళ్లు, గదులు సర్దేవాళ్లు కావాలి. సీజన్ అయిపోతే ఆ హోటళ్లలో చాలా వాటికి తాళం పడుతుంది.

సీజన్ పర్మిట్ 12 నెలల్లో గరిష్ఠంగా 9 నెలలకే ఇస్తారు. తర్వాత తిరిగి రావాలి. పద్ధతిగా వచ్చినవాళ్లకు తర్వాతి సంవత్సరాల్లో మళ్లీ వెళ్లేందుకు ప్రాధాన్యం ఉంటుంది.

దారి ఎలా నడుస్తుంది?

బయటి దేశాల నుంచి ఎంతమంది కార్మికులను రానివ్వాలో ఇటలీ ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో కోటా నిర్ణయిస్తుంది. దాన్ని ‘దెక్రేతో ఫ్లుస్సీ’ అంటారు. 2023-25 మూడేళ్లకు కోటా 4,52,000. 2026-28కి 4,97,550. మన దేశంతో ఇటలీ 2023 నవంబర్ 2న రోమ్‌లో వలస ఒప్పందం కుదుర్చుకుంది. విదేశాంగ మంత్రి జైశంకర్, ఇటలీ మంత్రి ఆంతోనియో తాయానీ సంతకాలు చేశారు. దాని కింద భారతీయ సీజన్ కార్మికులకు 2023లో 3,000, 2024లో 4,000, 2025లో 5,000 చొప్పున కోటా పెట్టారు.

కోటా ఉన్నంత మాత్రాన మనం ఇక్కడి నుంచి అప్లై చేసుకోలేం. ప్రభుత్వం ప్రకటించిన రోజున యజమానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆ రోజును ‘క్లిక్ డే’ అంటారు. 2026కి వ్యవసాయ సీజన్ పనికి జనవరి 12, టూరిజానికి ఫిబ్రవరి 9 పెట్టారు. అంటే ఎండాకాలం పనికి చలికాలంలోనే దరఖాస్తు పడాలి. మే నెలలో కొత్తగా డబ్బు తీసుకుని ‘జూన్‌లో ఎక్కిస్తా’ అనే ఏజెంటును, అసలు దరఖాస్తు ఏ రోజు ఎవరి పేరు మీద వేశారో అడగాలి.

దరఖాస్తును అక్కడి జిల్లా ఇమిగ్రేషన్ కార్యాలయం పరిశీలించి ‘నుల్లా ఓస్తా’ అనే అనుమతి పత్రం ఇస్తుంది. అది చేతికొచ్చాకే కార్మికుడు మన దేశంలోని ఇటలీ కాన్సులేట్‌లో వీసా అడగాలి. వెళ్లాక యజమానితో ఒప్పందంపై సంతకం చేయాలి, నివాస పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఈ చివరి మెట్టు ఎక్కకపోతే ముందు చేసిందంతా వృథా.

టూరిస్టు వీసాపై పంపి, ‘అక్కడికి పోయాక పని వీసాగా మార్పిస్తాం’ అనే మాట నమ్మొద్దు. ఆ వీసాపై పనిచేసే హక్కు లేదు, దాన్ని పని పర్మిట్‌గా మార్చే దారీ లేదు.

అసలు వీసాతో మోసం

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. నుల్లా ఓస్తా నిజమైనది, వీసా నిజమైనది, విమానం దిగాక మాత్రం యజమాని కనిపించడు. పేరుకే ఉన్న కంపెనీలు డబ్బు తీసుకుని దరఖాస్తులు వేస్తాయి. 2024 జూన్‌లో ఇటలీ ప్రధాని జార్జా మెలోనీ స్వయంగా ఈ వ్యవహారంపై మాఫియా వ్యతిరేక ప్రాసిక్యూటర్‌కు ఫిర్యాదు ఇచ్చారు. కంపానియా ప్రాంతంలో అనుమతి పొందినవాళ్లలో చివరికి ఉద్యోగ ఒప్పందంపై సంతకం చేసినవాళ్లు 3 శాతం కూడా లేరని ఆమె చెప్పారు. అదే ఏడాది అక్టోబర్‌లో బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక కార్మికుల అనుమతులను తనిఖీ పూర్తయ్యేదాకా ఆపేశారు. ఆ జాబితాలో భారత్ లేదు. అలాగని మనవాళ్ల కాగితాలన్నీ సక్రమమని అర్థం కాదు.

ఒప్పందం లేకుండా మిగిలిపోయినవాడికి పర్మిట్ రాదు. పొట్ట గడవాలంటే కూలీలను పోగుచేసే దళారీ దగ్గరికే పోవాలి. ఇటలీలో ఇతన్ని ‘కాపొరాలే’ అంటారు. పాలమూరు వలసల్లో గుంపు మేస్త్రీని చూసినవాళ్లకు ఈ మనిషి కొత్త కాదు. కూలీలో తన వాటా కోసుకుంటాడు, పొలానికి దింపినందుకు వేరే వసూలు చేస్తాడు. 2016లో తెచ్చిన 199వ నంబరు చట్టం ప్రకారం ఇది నేరం. దళారీతో పాటు పని చేయించుకున్న యజమానికీ శిక్ష పడుతుంది.

అయినా జరుగుతూనే ఉంది. 2024 జూన్‌లో లాతీనా దగ్గర సత్నామ్ సింగ్ అనే 31 ఏళ్ల పంజాబీ కూలీకి యంత్రంలో పడి చెయ్యి తెగిపోయింది. అతనికి పని ఒప్పందం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లకుండా, తెగిన చేతితో సహా ఇంటి ముందు వదిలేసి వెళ్లారు. రెండు రోజులకు రోమ్ ఆస్పత్రిలో చనిపోయాడు. ఇటలీ అంతటా నిరసనలు జరిగాయి.

లెక్క వేసుకుంటే

ఇటలీలో దేశమంతటికీ ఒకే కనీస వేతనం చట్టం లేదు. యూనియన్లు, యజమానుల మధ్య కుదిరిన ఒప్పందాలే రేటు నిర్ణయిస్తాయి. వ్యవసాయ ఒప్పందంలో వారానికి 39 గంటల పని.

ఉదాహరణకు కోతలు పోగా రోజుకు 50 యూరోలు చేతికొస్తాయనుకుందాం. నెలకు 22 రోజులు పని దొరికితే 1,100 యూరోలు. గది, తిండికి 500 పోతే 600 మిగులు. యూరో వంద రూపాయలనుకుంటే 60 వేలు. 9 నెలలూ పని దొరికితే 5 లక్షల 40 వేలు. ఏజెంటుకు 8 లక్షలు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటే నెలకు 24 వేలు, 9 నెలలకు 2 లక్షల 16 వేలు వడ్డీకే. మిగిలిన 3 లక్షల 24 వేలు అసలుకు కట్టినా ఇంకా 4 లక్షల 76 వేల అప్పు ఉంటుంది. అప్పటికి పర్మిట్ గడువు అయిపోతుంది. తిరిగొస్తే అప్పు తీరదు, ఉండిపోతే కాగితాలుండవు. చాలామంది ఉండిపోయేది అందుకే.

డబ్బు కట్టే ముందు

మన చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. సర్వీసు ఛార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. రసీదు ఇవ్వాలి. ఏజెంటు లైసెన్సు చెల్లుతుందా లేదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. గల్ఫ్ దేశాల్లాగా ఇటలీకి ఈసీఆర్ పాస్‌పోర్టుపై క్లియరెన్స్ అవసరం లేదు. అందుకే అక్కడ ఎదురయ్యే ఆ ఒక్క తనిఖీ కూడా ఇక్కడ ఉండదు, జాగ్రత్త మనమే పడాలి.

నుల్లా ఓస్తా కాపీ, యజమాని పేరు, పన్ను నంబరు, పని చేసే ఊరు, గంటలు, జీతం రాసిన ఒప్పందం ముందే అడగాలి. వసతి యజమాని చూపిస్తే దాని అద్దె జీతంలో మూడో వంతు దాటకూడదని, జీతంలోంచి దానంతట అదే కోయకూడదని అక్కడి చట్టం చెబుతోంది. యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడించమంటే ఏజెంటు దాటవేస్తున్నాడా, అక్కడే ఆగిపోవడం మంచిది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలు. వాటిని సంప్రదిస్తే పైసా ఖర్చయ్యే ముందే అనుమానం తీరుతుంది.

ఇప్పటికే అక్కడికి చేరి ఇరుక్కున్నవాళ్లకు కూడా దారి ఉంది. దోపిడీకి గురైన కార్మికుడు ఫిర్యాదు చేసి దర్యాప్తుకు సహకరిస్తే ప్రత్యేక నివాస పర్మిట్ ఇచ్చే నిబంధనను ఇటలీ 2024లో తెచ్చింది. అక్కడి కార్మిక యూనియన్ కార్యాలయాలు కాగితాలు లేనివాళ్లకూ సాయం చేస్తాయి. రోమ్‌లో భారత రాయబార కార్యాలయం, మిలాన్‌లో కాన్సులేట్ ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టకూడదు. పనిచేసిన రోజులు, గంటలు, ఇచ్చిన డబ్బు ఫోన్‌లోనో నోట్‌బుక్‌లోనో రాసిపెట్టుకోవాలి. రేపు కేసు పెట్టాల్సి వస్తే ఆ లెక్కే సాక్ష్యం.