59 మిల్లీవోల్టుల పాఠం

రాగి సల్ఫేటు ద్రావణం గుండా విద్యుత్తును పంపితే కాథోడు మీద రాగి పూత ఏర్పడుతుందని మీరు చదివే ఉంటారు. విద్యుత్తుకూ రసాయన చర్యకూ గల ఇటువంటి సంబంధాన్ని తెలిపేదే విద్యుద్రసాయన శాస్త్రం. ఇందులో సగం పుస్తకంలో ఉంటే, మిగతా సగం చేతివేళ్లలో ఉంటుంది. అందుకే కొన్ని విశ్వవిద్యాలయాలు దీనికి కార్యశిబిరాలు నడుపుతాయి. అక్కడ ఏం నేర్పుతారో చూద్దామా?

తరచుగా మొదట చేయించేది పొటాషియం ఫెర్రిసయనైడు ప్రయోగం. పొటాషియం క్లోరైడు కలిపిన నీటిలో దీనిని కొద్దిగా కరిగిస్తే పసుపుపచ్చని ద్రావణం వస్తుంది. అందులో మూడు ఎలక్ట్రోడులు ముంచుతారు. మొదటిది నల్లగా, గాజులా మెరిసే కార్బను బిళ్ల. చర్య జరిగేది దీని మీదనే. రెండవది సిల్వర్ క్లోరైడు పూసిన వెండితీగ. వోల్టేజిని కొలవడానికి ఇది ఆధారం. మూడవది ప్లాటినం తీగ. ఇది వలయాన్ని పూర్తి చేస్తుంది.

ఒక పరికరం వోల్టేజిని నెమ్మదిగా తగ్గించి, మళ్లీ పెంచుతుంది. తగ్గేటప్పుడు ఫెర్రిసయనైడు అయాను ఒక ఎలక్ట్రానును తీసుకొని ఫెర్రోసయనైడు అవుతుంది. పెరిగేటప్పుడు దానిని తిరిగి ఇచ్చేస్తుంది. విద్యుత్ప్రవాహాన్ని గ్రాఫు గీస్తే ఒకవైపు ఒక శిఖరం, రెండవవైపు మరొక శిఖరం కనిపిస్తాయి. శిఖరం తరువాత ప్రవాహం ఎందుకు తగ్గుతుంది? వేసవిలో బావి తోడినప్పుడు ఉన్న నీరు గబగబా వస్తుంది. ఆ తరువాత ఊట ఊరినంతే. ఇక్కడా అంతే. ఎలక్ట్రోడు దగ్గరి అయానులు అయిపోతే, దూరంగా ఉన్నవి మెల్లగా వ్యాపించి రావలసిందే.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ రెండు శిఖరాల మధ్య దూరం సుమారు 59 మిల్లీవోల్టులుండాలని సిద్ధాంతం చెబుతుంది. కొత్తవారు చేస్తే అది 100 కూడా దాటవచ్చు. చాలాసార్లు కారణం కార్బను బిళ్ల మీది కంటికి కనబడని మురికే. అది ఎలక్ట్రానుల రాకపోకలను మందగింపజేస్తుంది. అప్పుడు తడిపిన మెత్తని గుడ్డ మీద అల్యూమినా పొడి వేసి, బిళ్లను నిటారుగా పట్టుకొని 8 అంకె ఆకారంలో రుద్దాలి. అలా రుద్దితే అన్నివైపులా సమంగా అరుగుతుంది. కడిగి మళ్లీ కొలిస్తే శిఖరాలు దగ్గరకు జరుగుతాయి. 59 అని చదవడానికి ఒక క్షణం చాలు. దాని దరిదాపులకు చేరడానికి ఒక పూట పట్టవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటారా? రక్తంలో చక్కెరను చూపే పట్టీలలో చాలావాటిలో ఎలక్ట్రానులను మోసేది ఈ ఫెర్రిసయనైడే. పట్టీ ఉపరితలం సరిగా లేకపోతే అంకె తప్పుతుంది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకునే మనిషి ఉన్నాడని మరువకండి.

మీరూ ఒక పరీక్ష చేయండి. నిమ్మకాయలో జింకు పూసిన మేకు, మోటారు చుట్టే రాగితీగ ముక్క విడివిడిగా గుచ్చి, మల్టీమీటరుతో కొలవండి. తరువాత తీగ రెండు చివరలనూ గరుకు కాగితంతో బాగా రుద్ది మళ్లీ కొలవండి. మొదట ఏమీ చూపని మీటరు ఇప్పుడు ఇంచుమించు 0.9 వోల్టు చూపుతుంది. తీగ మీద ఇంతకుముందు ఏముందో మీరే చెప్పండి. అన్నట్టు, ఆ నిమ్మకాయను మాత్రం వంటకు వాడకండి!